తలలు లెక్కపెట్టిన మేస్త్రి

మేస్త్రి పోయారన్న కబురు నాకు యాదయ్య తెచ్చాడు. పొద్దున ఎనిమిదిన్నర అయి ఉంటుంది. జూబ్లీ హిల్స్ వెనక వాలులో ఒక ఇంటికి పై అంతస్తు గోడలు లేపుతున్నాం. నేను పరంజా మీద ఉన్నాను. కింద గేటు దగ్గర సైకిలు ఆపి ఒక మనిషి తలెత్తి నన్నే చూస్తున్నాడు. ఏడేళ్ళుగా మాటల్లేని మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడంటే అది ఏ కబురో దిగకముందే తెలిసిపోయింది.

"తెల్లారంగ పాణం పోయిందంట. దవాఖానల్నే," అన్నాడు యాదయ్య. "నీకు చెప్పాల్నా వద్దా అని కూలీల అడ్డా కాడ శానాసేపు నిలబడ్డ."

"మంచిగ చెప్పినవ్," అన్నాను. నేను చేతులు కడుక్కున్నాను. అతను సైకిలు తిప్పాడు. నేను వెనక నడిచాను.

యాదయ్యా నేనూ ఒకే మేస్త్రి దగ్గర తాపీ పని నేర్చుకున్నవాళ్ళం. అతను నాకంటే ముందు, నేను తర్వాత. నేను ఏడో తరగతి దాకా చదివాను. రాయడం నా పని కాదు. కానీ మేస్త్రి గురించి రాయడానికి ఇంకెవరూ లేరు. ఫిలింనగర్ గుట్ట మీద నటుల ఇళ్ళు చూడడానికి ఊళ్ళ నుంచి వచ్చి గేట్ల దగ్గర నిలబడేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఇల్లు ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరు కట్టారని మాత్రం ఒక్కరూ అడగగా వినలేదు. ఆ ఇళ్ళలో కొన్నింటి గోడలు మా మేస్త్రి చేతివి.

మేం పాలమూరు జిల్లా వాళ్ళం. మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఇక్కడ స్థలాలు కొంటున్న రోజుల్లో, ఎనభైల చివర్లో, నేనూ మా అక్కా ఒక గుంపుతో పాటు లారీలో వచ్చాం. అప్పటికి ఇక్కడ ఇళ్ళకంటే బండలు ఎక్కువ. మధ్యాహ్నం పూట బండలు పేల్చేవాళ్ళు ఎర్రగుడ్డ ఊపితే పని ఎక్కడిదక్కడ వదిలి పరిగెత్తేవాళ్ళం. రాళ్ళు పడ్డాక మళ్ళీ వచ్చి ఇనుప గమేలాలు నెత్తికెత్తుకునేవాళ్ళం. ఆడవాళ్ళకి గమేలా తప్ప ఇంకో పని లేదు. ఇసుక, కంకర, కలిపిన సిమెంటు మాలు, అన్నీ నెత్తి మీదే. మగవాడు రెండు మూడేళ్ళు మాలు అందిస్తే ఏదో ఒకనాడు తాపీ చేతికొస్తుంది. ఆడది ఇరవై ఏళ్ళు అందించినా అందిస్తూనే ఉంటుంది. దాని గురించి ఎవరూ బాధపడేవాళ్ళు కాదు. ఎండ ఉన్నట్టే అది కూడా ఉంది, అంతే.

వచ్చిన ఏడాదికే అక్క పోయింది.

స్లాబు పోసేటప్పుడు కింద చెక్కలు పరిచి, ఆ చెక్కల్ని కర్రలతో నిలబెడతారు. దాన్ని సెంట్రింగ్ అంటాం. పైన పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా దాని బరువు మోసేది ఆ కర్రలే. తర్వాత కర్రలు తీసి, చెక్కలు విప్పుతారు. విప్పిన చెక్కల్ని బయటికి మోయడం ఆడవాళ్ళ పని. ఆ రోజు అక్క లోపల ఉంది. నేను రోడ్డవతల నీళ్ళ డ్రమ్ము నింపుతున్నాను. పెద్ద చప్పుడేమీ రాలేదు. బియ్యం మూట దించినట్టు ఒక దెబ్బ, ఆ వెనక దుమ్ము. నేను బిందె పట్టుకునే పరిగెత్తాను. మేస్త్రి అప్పటికే లోపల చేతులతో కూలిన స్లాబు పెళ్ళలు లాగుతున్నారు. ఆయన గోళ్ళలోంచి రక్తం కారుతోంది. అక్కకి ఇరవై ఆరేళ్ళు.

సిమెంటు తక్కువ వేశారని కొందరన్నారు. వాన పడిందని కొందరన్నారు. కంట్రాక్టరు ఆ పని వదిలేసి వెళ్ళిపోయాడు. కర్రలు తీయమని ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. అలా అడగవచ్చని కూడా నాకు అప్పుడు తెలియదు.

నాలుగైదు నెలల తర్వాత ఒక రోజు మధ్యాహ్నం, అందరూ అన్నాలు తిని నీడన కూర్చున్నప్పుడు, మేస్త్రి నన్ను పిలిచారు. ఆయన చేతిలో పాత తాపీ ఒకటి ఉంది.

"పడతవా?" అన్నారు.

"నేనా?"

"నిన్నే అడుగుతున్న బిడ్డా. పడతవా పట్టవా?"

పక్కన కూర్చున్న మగవాళ్ళు నవ్వారు. ఆడది తాపీ పడితే గోడ నిలవదని ఒక పెద్దాయన గొణిగాడు. మేస్త్రి ఆయన వైపు తిరిగి, "నిలవకపోతే నేనే కూలగొడత తియ్యి," అన్నారు. నేను తాపీ తీసుకున్నాను. పట్టుకోవడం రాక కత్తిలా పట్టుకున్నాను.

కూలగొడతానన్న మాట ఆయన నిలబెట్టుకున్నారు. మొదటి రెండు నెలలు మాలు లేకుండా ఉట్టి ఇటుకలు పేర్చడం, చూపించడం, తీసేయడం. తర్వాత మాలుతో కట్టిన మొదటి గోడని, నడుమెత్తు దాకా లేచాక, ఆయన తూకం గుండు వేలాడదీసి చూసి, కాలితో ఒక్క తోపు తోశారు. మొత్తం పడిపోయింది. నేను ఏడ్చాను. "ఇప్పుడు ఏడువు," అన్నారు. "తప్పు పచ్చిగున్నప్పుడే తియ్యాలె. ఎండినంక తీస్తే మనిషిని అడుగుతది." ఆ మాట మిగతావాళ్ళకి కూడా చాలాసార్లు చెప్పారు. మామూలు పనిమాటే అనుకున్నాను.

ఆయన పని నేర్చుకున్న తీరు వేరు. వాళ్ళ గురువు ఏదీ నోటితో చెప్పేవాడు కాదట. అడిగితే తాపీ వెనక్కి తిప్పి వేళ్ళ మీద కొట్టేవాడట. ఆరేళ్ళు కళ్ళతో దొంగతనం చేసి నేర్చుకున్నానని మేస్త్రి చెప్పేవారు. ఎడమచేతి రెండు వేళ్ళు ఆయనకి చివరిదాకా సరిగా వంగలేదు. అందుకేనేమో, ఆయన ఏదీ దాచేవారు కాదు. ప్లాస్టరింగ్ చేశాక నా కళ్ళు మూయించి గోడంతా అరచేత్తో తడమమనేవారు. "కన్ను మోసం చేస్తది. చెయ్యి చెయ్యది," అనేవారు. ఎత్తు ఎక్కడ, పల్లం ఎక్కడ అని నేను చెప్పాలి. తప్పితే మళ్ళీ మొదటి నుంచి.

ఆయనకి కొన్ని పట్టింపులు ఉండేవి. పరంజా కట్టాక ముందు తాను ఎక్కి మూడుసార్లు గట్టిగా ఎగిరి చూసేవారు. ఆ తర్వాతే ఇంకొకరు కాలు పెట్టాలి. కడుపుతో ఉన్న ఆడమనిషి మెట్లెక్కి బరువు మోయకూడదు, కింద ఇసుక జల్లించాలి. ఆదివారం పని లేదు. ఆయన ఆదివారం పొద్దున తెల్లచొక్కా వేసుకుని రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకి వెళ్ళేవారు. ప్రార్థనకి వెళ్ళేవాళ్ళకే కాదు, మాలో ఎవరికైనా ఆ రోజు సెలవే. "ఏడో దినం దేవుడే తాపీ కింద పెట్టిండు, మనమెంత?" అనేవారు. ఈ మాట కంట్రాక్టర్లకి అస్సలు నచ్చేది కాదు. అయినా ఆయన పని చూసి ఊరుకునేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు, తలల లెక్క ఒక్కటీ ఒక ఎత్తు. రోజూ సాయంత్రం దిగిపోయేటప్పుడు ఆయన గేటు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టేవారు. ఒకటి, రెండు, మూడు అని పెదాలు కదిలేవి. ఒకసారి ఒకామె చెప్పకుండా టోలిచౌకిలో చుట్టాల ఇంటికి వెళ్ళిపోతే, లెక్క ఒకటి తగ్గిందని మమ్మల్నందర్నీ గంటసేపు నిలబెట్టి ఇల్లంతా వెతికారు. ఆయన ముఖం చూసి మేం భయపడ్డాం. ఇంత చాదస్తం ఏమిటని విసుక్కున్నాం కూడా.

కార్మిక శాఖ నుంచి జీపులో ఒక ఆఫీసరు వచ్చిన రోజు గుర్తుంది. అతను వస్తున్నాడని తెలిసి కంట్రాక్టరు మనిషి ఒక పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో ఉన్న పేర్లు మాలో ఎవరివీ కావు. ఆడవాళ్ళ పేర్లు ఒక్కటీ లేవు. పేరు పిలిచినప్పుడు మేం తలూపితే చాలని చెప్పారు. మేస్త్రి మాత్రం ఆఫీసరు ఎదురుగా వచ్చి నన్ను ముందుకి నెట్టారు.

"సార్, ఈమె సుతారి. పేరు రాసుకోండి," అన్నారు. సుతారి అంటే మా వైపు గోడ కట్టే మనిషి. ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని నా చేతుల వైపు చూశాడు. "నేర్చుకుంటోందా?" అన్నాడు. "నేర్చుకున్నది," అన్నారు మేస్త్రి. ఆఫీసరు కలం నాకే ఇచ్చాడు. నేను ఏడో తరగతి తర్వాత మొదటిసారి నా పేరు రాశాను. ఆ కాగితం ఏ బీరువాలో పడి ఉందో, అసలు ఉందో లేదో తెలియదు. ఫ్యాక్టరీలో పని నేర్చుకునేవాడికి ఒక కాగితం, ఒక గడువు, ఒక పేరు ఉంటాయని తర్వాత ఎవరో చెప్పారు. మాకు అలాంటిదేదీ లేదు. నేను నేర్చుకున్నానని చెప్పడానికి ఆ రోజు మేస్త్రి నోటిమాట ఒక్కటే ఉంది. ఆ సాయంత్రం కంట్రాక్టరు మనిషి ఆయనతో మాట్లాడలేదు.

ఇక అసలు చెప్పవలసింది చెబుతాను.

తొంభైలు వచ్చాక ఫిలింనగర్ కింద వాలులో ఒక పెద్ద ఇల్లు మొదలైంది. సినిమాలు తీసే ఒకాయనది. కంట్రాక్టరు కోస్తా వైపు మనిషి, మాటతీరు మర్యాదగానే ఉండేది. కింద పెద్ద హాలు, దాని ముందు ఏ స్తంభమూ లేకుండా గాలిలోకి పొడుచుకొచ్చిన బాల్కనీ. స్లాబు పోసిన రెండు రోజులకే ముసురు పట్టింది. ఎండ మొహం చూడకుండా వారం గడిచింది. తొమ్మిదో రోజు కంట్రాక్టరు వచ్చాడు.

"ఏంటి మేస్త్రీ, హాల్లో ఇంకా కర్రలు అలాగే ఉన్నాయేంటి? రేపటి నుంచి పాలరాయి పరిచేవాళ్ళు దిగాలి. గృహప్రవేశం ముహూర్తం పెట్టేశారు. కార్డులు కూడా పంచారు."

"తియ్యరాదు సార్. హాలు కప్పుకు పదునాలుగు దినాలన్న గావాలె. బాల్కనీకి ఇరవై ఒకటి. అది గూడ ఎండ గొడితే. ఇప్పుడు ముసురు."

"నాకు చెప్తున్నావా నువ్వు? వారానికే తీసిన స్లాబులు ఎన్ని లేవు."

"ఉన్నయి సార్," అన్నారు మేస్త్రి. "పడ్డయి గూడ ఉన్నయి."

కంట్రాక్టరు కారు వైపు తిరిగాడు. "సరే. నువ్వు తీయకపోతే తీసేవాళ్ళు ఉన్నారు," అని కారెక్కాడు.

మర్నాడు పొద్దున వచ్చినవాడు యాదయ్య. అప్పటికి రెండేళ్ళ క్రితమే మేస్త్రి దగ్గర నుంచి వెళ్ళిపోయి, సొంతంగా సెంట్రింగ్ పని పట్టుకుని, ఆరుగురు మనుషుల్ని పెట్టుకున్నాడు. సుత్తులు, గడ్డపారలు తెచ్చుకున్నారు. మేస్త్రి మమ్మల్నందర్నీ రోడ్డు మీదికి పొమ్మన్నారు. ఎవరూ కప్పు కిందికి రావద్దన్నారు. తాను మాత్రం లోపలికి వెళ్ళి, బాల్కనీ కింద గోడ వైపు, కర్రల నడుమ, ఒక కర్రకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నారు.

అందరూ రోడ్డు మీదే నిలబడ్డారు. నేను నిలబడలేకపోయాను. లోపలికి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"నిన్ను పొమ్మన్న గద."

"పోను."

ఆయన కాస్త పక్కకి జరిగారు.

యాదయ్య సుత్తి పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అతనికి కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. అది కప్పుకోవడానికే గొంతు పెంచాడు.

"లే మేస్త్రి. నాకు వేరే దారి లేదు. ఇది ఇడిస్తే ఈ గుట్ట మీద నాకు ఇంకో పని ఇయ్యరు."

"నీ మనుషులను ఎంతమందిని తెచ్చినవ్?"

"ఆరుగురు."

"సాయంత్రం ఎంతమందిని తోల్కపోతవ్?"

యాదయ్య ముఖం ఎర్రబడింది. "నీతులు జెప్పకు మేస్త్రి. ఆనాడు తియ్యమన్నది ఎవరు? ఆరో దినం నాడు తియ్యమన్నది నువ్వు గాదా? నేను ఆడ్నే ఉన్న. ఈమెకు తెల్వదు, నాకు తెలుసు. ఈమె అక్క ఎవరి మాట మీద పోయింది?"

నేను మేస్త్రి ముఖం వైపు తిరిగాను. కాదంటారని చూశాను. ఆయన నన్ను చూడలేదు, యాదయ్యను చూస్తూ ఉన్నారు.

"అవు," అన్నారు. "నేనే."

బయట ముసురు పడుతూనే ఉంది. నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళిపోతే నా పక్కనున్న కర్ర మీద సుత్తి పడుతుంది. ఆయన మీద ఎంత కోపం వచ్చినా ఆయన చెప్పిన లెక్క తప్పు కాదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ లెక్క నాకు నేర్పింది ఆయనే. నేను లేచి, నాలుగడుగుల అవతల ఇంకో కర్ర దగ్గరికి వెళ్ళి, ఆయనకి వీపు పెట్టి కూర్చున్నాను.

యాదయ్య బాల్కనీ అంచు కిందికి వెళ్ళాడు. అక్కడ మేమెవరమూ లేము. చివరి కర్ర కింద బిగించిన చెక్క ముక్క మీద ఒక దెబ్బ వేశాడు. ఇంకో దెబ్బ. మూడో దెబ్బకి కర్ర వదులైంది. అప్పుడు పక్కనున్న కర్ర కీచుమంది. కప్పు కింద నుంచి సన్నగా పొడి రాలింది. తలెత్తి చూస్తే గోడా బాల్కనీ కలిసే చోట వెంట్రుకంత గీత కనబడింది. మేం చూస్తుండగానే అది జానెడు నుంచి మూరెడు అయింది.

యాదయ్య సుత్తి పారేసి ఆ కర్రను రెండు చేతులతో వాటేసుకున్నాడు. వదులైన కర్ర జారిపోతోంది. అతని మనుషులు అప్పటికే బయటికి దూకారు. మేస్త్రి లేచి పరిగెత్తి, యాదయ్య పక్కనే భుజం ఆనించి కర్రను నిటారుగా నిలబెట్టారు. ఇద్దరూ కర్రను పట్టుకుని ఉన్నారు. కింద చెక్క ముక్క బిగించే చెయ్యి లేదు.

"బిడ్డా," అన్నారు మేస్త్రి. "కొట్టు."

సుత్తి నా కాళ్ళ దగ్గరే పడి ఉంది. తీసుకున్నాను. వెళ్ళి చెక్క ముక్క పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన పాదాలు నా ముఖానికి ఎదురుగా ఉన్నాయి. నేను సుత్తి ఎత్తి ఆగాను. ఎంతసేపు అంటే చెప్పలేను, ఒక ఊపిరి అంత ఉంటుందేమో. ఎందుకు ఆగానో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. కొట్టకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే ఆగాను. ఆయనకీ తెలుసు. తొందరపెట్టలేదు. మళ్ళీ పిలవలేదు.

కొట్టాను. నాలుగు దెబ్బలకి చెక్క బిగిసింది. కర్ర కప్పుకి ఆనింది. పొడి రాలడం ఆగిపోయింది.

మధ్యాహ్నం ఇంజనీరు వచ్చి ఆ గీత చూశాడు. నెల రోజుల దాకా ఒక్క కర్ర కూడా కదపవద్దని కంట్రాక్టరుతో మా అందరి ముందే చెప్పాడు. గృహప్రవేశం ఇంకో గదిలో పాలు పొంగించి కానిచ్చారట. మేం చూడలేదు. మర్నాడే మేస్త్రిని పనికి రావద్దన్నారు. ఆయన గొడవ మనిషని శ్రీనగర్ కాలనీ దాకా కంట్రాక్టర్లందరికీ తెలిసిపోయింది. నలభై ఏళ్ళ పనితనం ఉన్న మనిషి, యాభై దాటాక, పొద్దున్నే అడ్డా మీద తాపీ సంచి పట్టుకుని దినకూలీల వరసలో నిలబడ్డారు. పనికి పిలిచేవాళ్ళు కుర్రవాళ్ళ కండలు చూసి తీసుకెళ్ళేవారు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళలేదు. ఇంకో గుంపులో చేరాను. తాపీ పట్టనిస్తామని ఎవరూ అనలేదు. మళ్ళీ గమేలా ఎత్తుకున్నాను. బరువు మోస్తూ, పక్కన వంకరగా లేస్తున్న గోడలు చూస్తూ, రెండు నెలలు గడిపాను. నెత్తి మీది బరువుకంటే ఆ వంకర గోడలు ఎక్కువ బాధపెట్టాయి. ఆ బాధ నాకు అంటించింది కూడా ఆయనే అని గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చేది.

ఒక ఆదివారం పొద్దున, ప్రార్థనకి వెళ్ళే ముందు ఆయన ఇంట్లో ఉంటారని, రహమత్‌నగర్‌లో ఆయన గదికి వెళ్ళాను. గడప దగ్గరే నిలబడి అడిగాను.

"అక్క పోయిన దినం ఏం జరిగిందో చెప్పు."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగారు. కూర్చోమనలేదు. తానూ కూర్చోలేదు.

"ఆరో దినం. వాన పడ్డది. కంట్రాక్టరు తియ్యమన్నడు. వద్దన్న. మళ్ళ అడిగిండు. ఊకున్న," అన్నారు. "మేస్త్రి ఊకుంటే తియ్యమన్నట్టే బిడ్డా. నాకు ఎరుకే. మొదలు మొగోళ్ళు కర్రలు తీసిండ్రు, ఏం గాలే. తర్వాత ఆడోళ్ళు లోపల్కి పోయిండ్రు. ఎంతమంది పోయిండ్రో చూడలే. చాయ్ తాగుతున్న."

గుండీలు పెట్టడం పూర్తయింది. చేతులు పక్కకి జారాయి.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె నువ్వు నా తాన పని నేర్చుకోవు. పని నీ చేతికి వచ్చినంక చెప్దామనుకున్న. వచ్చినంక ధైర్యం లేకపాయె," అన్నారు. "మన్నించమని అడగను. అడిగితే ఆ బరువు గూడ నీ నెత్తి మీదనే పెట్టినట్టైతది."

గదిలో ఒక మంచం, ఒక కిరోసిన్ స్టవ్వు, గోడకి మేకు. దూరంగా ప్రార్థన మొదలైనట్టు పాట వినబడింది. మన్నించానని నేను అనలేదు. ఈ రోజుకీ ఆ మాట నా నోటి నుంచి రాలేదు. అడిగింది వేరే.

"రేపు ఏ అడ్డా మీద నిలబడతవ్?"

చెప్పారు. మర్నాడు ఆరు గంటలకి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. మొదటి నాలుగు రోజులు ఎవరూ పిలవలేదు. ఐదో రోజు ఒక టీచరమ్మ ప్రహరీగోడ కట్టాలని వచ్చింది. ముసలాయనా ఆడమనిషీ ఏం కడతారని అనుమానంగా చూసింది. "గోడ నచ్చకపోతే చెప్పమ్మా, కూలగొట్టి పోతం," అన్నారు మేస్త్రి. ఆ గోడ ఇప్పటికీ ఉంది.

ప్రహరీలు, నీళ్ళ సంపులు, మరుగుదొడ్లు, ఎవరూ చేయనన్న చిన్న పనులన్నీ చేశాం. ఏడాదిన్నర తర్వాత, ఆ రోజు పగులు చూసిన ఇంజనీరు మమ్మల్ని వెతికించి తన సొంత పనికి పిలిచాడు. నా వైపు చూసి ట్రైనింగు సర్టిఫికెట్ ఏమైనా ఉందా అని అడిగాడు. మేస్త్రి నవ్వారు. "సార్, రెండు దినాలు ఆగి గోడను అడుగు," అన్నారు. ఇంజనీరు రెండు రోజుల తర్వాత నన్ను ఇంకేమీ అడగలేదు. తర్వాతి ఇంటి పని నా పేరు మీదే ఇచ్చాడు.

ఇప్పుడు నా దగ్గర పదకొండుమంది. అందులో నలుగురు ఆడవాళ్ళు, నలుగురూ తాపీ పట్టేవాళ్ళే. మేస్త్రి ఏ రోజూ నా పనికి వచ్చి పెత్తనం చేయలేదు. వయసులో బండలు కొట్టినప్పుడు మింగిన దుమ్ము చివరికి ఊపిరితిత్తుల్లో బయటపడింది. పది అడుగులు నడిస్తే ఆయాసం. మూడేళ్ళుగా మంచానికే పరిమితమయ్యారు. నేను పండ్లు తీసుకెళ్తే పక్కన పెట్టి, "కర్రలు ఎన్ని దినాలు ఉంచుతున్నవ్?" అని అడిగేవారు. చెప్పేదాన్ని. "కంట్రాక్టరు ఏమంటున్నడు?" అనేవారు. "ఏమన్నా గని, నేనైతే ఊకుంటలేను," అనేదాన్ని. కళ్ళు మూసుకునేవారు. మా మధ్య అక్క గురించి మాట అంతకంటే దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

ఆయన్ని ప్రార్థన షెడ్డు వెనక ఉన్న శ్మశానంలో పెట్టారు. ఆ రోజు అడ్డా మీద సగంమంది పనికి పోలేదు. మూడో రోజు సమాధి కట్టడానికి నేను ఇటుకలు తోలించాను. వెళ్ళేసరికి యాదయ్య ఇసుక జల్లిస్తూ కనిపించాడు. ఆ బాల్కనీ రోజు తర్వాత అతను సెంట్రింగ్ మానేశాడని, పటాన్‌చెరు వైపు ఇటుక గోడలు కట్టుకుంటున్నాడని అప్పుడే తెలిసింది. నేను తాపీ పట్టుకున్నాను, అతను మాలు కలిపాడు. మధ్యాహ్నానికి కట్టడం, సాయంత్రానికి ప్లాస్టరింగ్ అయిపోయాయి.

కొత్త సిమెంటు ఎండకి పగలకుండా వారం రోజులు తడపాలి. పని దూరమైనా పొద్దున్నే నేను ఒక బిందె పోస్తున్నాను. సాయంత్రం యాదయ్య పోస్తున్నాడు. ఇద్దరం ఎదురుపడటం లేదు. నేను వెళ్ళేసరికి సమాధి పొడిగా, బూడిదరంగులో ఉంటుంది. పైనుంచి నీళ్ళు పోస్తే ముందు మధ్యలో నల్లబడుతుంది. ఆ నలుపు మెల్లగా అంచుల దాకా పాకి, పక్కల మీదుగా దిగి, కింది మట్టిలోకి ఇంకిపోతుంది. మొత్తం తడిసేదాకా అక్కడే నిలబడి చూసి, ఖాళీ బిందె తీసుకుని పనికి పోతున్నాను.